ఉబుంటు 24.04లో అప్‌డేట్ అనుమతులు: నెట్ సెంటర్లకి ఎంతవరకు సరిపోతాయి?

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో ఉండే మామూలు నెట్ సెంటర్ తీసుకోండి. నాలుగైదు సిస్టమ్‌లు, షిఫ్టుల్లో ఇద్దరు కుర్రాళ్ళు, సాయంత్రం వచ్చి లెక్క చూసుకునే ఓనరు. అలాంటి చోట విండోస్ బదులు ఉబుంటు 24.04 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే అప్‌డేట్లు ఎవరి చేతిలో ఉండాలి? సెక్యూరిటీ అప్‌డేట్ల వరకు ఏర్పాటు చాలా బాగుంది. మిగతావాటికి ఓనరు ఒకసారి కూర్చుని సర్దుకోవాలి. స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌లకి మాత్రం మార్కులు వెయ్యలేం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన మొదటి అకౌంటు ‘సుడో’ గ్రూపులో (సిస్టమ్‌ని మార్చే అధికారం ఉన్నవాళ్ళ జాబితా) చేరుతుంది, అదే అడ్మిన్. కౌంటర్లో కూర్చునేవాళ్ళకి స్టాండర్డ్ అకౌంటే ఇవ్వాలి. అందులోంచి అప్‌డేట్ నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. పైన ఓనరు పేరు, కింద పాస్‌వర్డ్ గడి. కుర్రాడు తన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా ఒప్పుకోదు, అది అడిగేది ఓనరుది. ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పెయ్యడం మొదలయ్యేది ఇక్కడే. దయచేసి ఆ పని చెయ్యకండి.

అడ్మిన్‌లో ఉన్నా ఒకరోజు పాస్‌వర్డ్ అడగదు, ఇంకోరోజు అడుగుతుంది. ఉన్న ప్యాకేజీని (సాఫ్ట్‌వేర్ మూటని) కొత్త వెర్షన్‌కి మార్చడానికి ఒక అనుమతి, లేని ప్యాకేజీని చేర్చడానికి వేరే అనుమతి. కొత్త కర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) పాతదాని పక్కన కొత్త ప్యాకేజీగా దిగుతుంది కాబట్టి అడుగుతుంది. ఈ ముక్క ఆ పెట్టెలోనే రాసి ఉంటే ఎంతమందికి కంగారు తప్పేదో.

అసలు మెచ్చుకోవాల్సింది ‘అనటెండెడ్ అప్‌గ్రేడ్స్’ని. సెక్యూరిటీ అప్‌డేట్లని ఇది ఎవరి అనుమతీ అడక్కుండా, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంటు) హోదాలో తనే వేసుకుంటుంది. రాత్రి సిస్టమ్ ఆపేసినా పొద్దున ఆన్ చెయ్యగానే ఆగిన పని అందుకుంటుంది. ఉబుంటుది కాని బయటి రెపోజిటరీ (సాఫ్ట్‌వేర్ దించుకునే చోటు) నుంచి వేసిన క్రోమ్ లాంటివాటిని ముట్టుకోదు. వాటిని చేత్తో చెయ్యాల్సిందే.

దీనికి ఒక మెలిక ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే సిస్టమ్‌ని ఉబుంటు తరచుగా ‘మీటర్డ్’ (డేటాకి పరిమితి ఉన్న) కనెక్షన్‌గా లెక్కేస్తుంది, అప్పుడు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నా అంతే. వైఫై పేరు పక్కన పళ్ళచక్రం గుర్తు నొక్కి మీటర్డ్ స్విచ్ ఆపండి. పని జరుగుతోందో లేదో ‘sudo unattended-upgrade --dry-run --debug’ అని టెర్మినల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే కిటికీ) కొడితే తెలిసిపోతుంది.

పొద్దున షాపు తెరవగానే చేత్తో అప్‌డేట్ పెడితే ‘లాక్ దొరకలేదు’ అంటుంది. అది అనుమతి తప్పు కాదు, లోపల ఆటోమేటిక్ పని నడుస్తోంది. కొంచెంసేపు ఆగాలి. లాక్ ఫైల్ చెరిపెయ్యమని చెప్పేవాళ్ళ మాట వినకండి, ఒకేసారి ఇద్దరు రాస్తే ప్యాకేజీల చిట్టా పాడవుతుంది. మధ్యలో కరెంటు పోయి పని సగంలో ఆగితే ‘sudo dpkg --configure -a’ కొట్టండి, ఎక్కువసార్లు దానితోనే సర్దుకుంటుంది. ఎండాకాలం యూపీఎస్ బ్యాటరీ సరిగ్గా లేని షాపులో ఈ కమాండ్ గోడమీద రాసిపెట్టుకోవాలి.

కుర్రాళ్ళ చేత పూర్తి అప్‌డేట్ చేయించాలంటే సుడోయర్స్‌లో (ఎవరు ఏ కమాండ్‌ని రూట్ హోదాలో నడపొచ్చో రాసే ఫైల్) ఒక లైను చేర్చొచ్చు. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. ‘ఆప్ట్’ (ప్యాకేజీలు వేసే కమాండ్) అని మాత్రమే రాస్తే ఎలాంటి ఆప్షనైనా ఇవ్వొచ్చు, అంటే సిస్టమ్ తాళాలన్నీ చేతికిచ్చినట్టే. పోనీ ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అని కచ్చితంగా రాశారనుకుందాం. మధ్యలో ఏదైనా కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ మారితే వై, ఎన్, డి, జెడ్ అంటూ ప్రశ్న వస్తుంది. జెడ్ నొక్కితే షెల్ (ఏ కమాండైనా కొట్టగలిగే చోటు) తెరుచుకుంటుంది, అదీ రూట్ హోదాలో! అందుకని ప్రశ్నలు అడగని చిన్న స్క్రిప్ట్ (కమాండ్‌లు రాసిన ఫైల్) రాయండి. అందులో ఆప్ట్-గెట్‌ని నాన్ఇంటరాక్టివ్ మోడ్‌లో పెట్టి, పాత కాన్ఫిగ్‌నే ఉంచే ఆప్షన్ ఇవ్వండి. స్క్రిప్ట్‌కి ఓనర్‌గా రూట్, పర్మిషన్ 755 (అంటే రూట్ తప్ప ఎవరూ మార్చలేరు). ఆ స్క్రిప్ట్‌కే అనుమతి ఇచ్చి, లైను చివర ఖాళీ కోట్స్ పెడితే అదనపు ఆప్షన్లేవీ చెల్లవు. సుడోయర్స్ ఫైల్‌ని విసుడోతోనే (దాన్ని మార్చడానికే ఉన్న కమాండ్) తెరవండి. సుడోయర్స్.డి ఫోల్డర్‌లో పెట్టే ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు. ఉంటే సుడో దాన్ని అసలు చదవదు, తప్పని కూడా చెప్పదు.

ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (తనంతట తనే అప్‌డేట్ అయ్యే ప్యాకేజీ రకం) వస్తుంది కాబట్టి దాని అప్‌డేట్‌కి ఈ గొడవేదీ లేదు. మామూలుగా రోజుకి నాలుగుసార్లు చూసుకుంటుంది. బ్రౌజర్ మూసి తెరిస్తే చాలు.

అన్నీ సరిగ్గా పడ్డా కొత్త కర్నెల్ పనిలోకి రావాలంటే రీస్టార్ట్ కావాలి, అది దానంతట అది జరగదు. రోజూ షాపు మూసేటప్పుడు సస్పెండ్ చేసి వెళ్ళే అలవాటుంటే, వారానికి ఒక్కరాత్రయినా పూర్తిగా షట్‌డౌన్ చేయించండి.