చంకల్లో చెమటకి గ్లైకోపైరోలేట్ మాత్ర, మొదలుపెట్టిన 14 నెలలకి నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఈ మాత్ర పని చేస్తుంది. పని చేయలేదని కాదు నా కోపం. చంకలో చెమట ఆపమని మింగితే ఒళ్ళంతా ఆపేస్తుంది, ఇక్కడ ఆపు అక్కడ వద్దు అని దానికి చెప్పే దారి లేదు, ఆ ఒక్క సంగతి నాకు ఎవరన్నా ముందే గట్టిగా చెప్పుంటే పోయిన ఏప్రిల్‌లో అలిపిరి మెట్ల మీద నాకు ఆ గతి పట్టేది కాదు.

తిరుపతిలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్‌ని నేను. లెక్కలంటే రోజుకు ఆరు పీరియడ్లు చెయ్యెత్తి బోర్డు మీద రాయాల్సిందే. కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది, రాసే చెయ్యి కుడిది, అందుకని కొంగు వెనకనుంచి కుడి పక్కకి లాక్కుని చుట్టుకుని రాసేదాన్ని, ఏళ్ళ తరబడి అట్లనే. ఎనిమిదో తరగతిలో మొదలైంది నాకు ఈ బాధ. ఎండాకాలం అనే కాదు, డిసెంబర్లో కూడా, ఫ్యాన్ కింద కూర్చున్నా కూడా, హెచ్చెమ్ పిలిచినారంటే చాలు రెండు నిమిషాల్లో బ్లౌజ్ తడిసిపోతుంది. లేత రంగు వేస్తే తడి కనపడుతుంది, ముదురు రంగు వేస్తే ఆరినాక తెల్లగా ఉప్పు చారలు కనపడతాయి. మా టైలరక్క చంక దగ్గర రెండు పొరలు కాటన్ లైనింగ్ వేసి కుడుతుంది, దానికే ఇంకాస్త ఉక్క. పెళ్ళి పట్టుచీర బ్లౌజ్ చంకల దగ్గర రంగు పోయి బిరుసెక్కి చిరిగిపోయింది, దాన్ని ఇప్పటికీ పారేయలేదు నేను.

పటిక, పౌడర్, నిమ్మచెక్క, అన్నీ అయినాయి, వాటి గురించి రాయడానికేం లేదు. అల్యూమినియం క్లోరైడ్ 20 శాతం లోషన్ కూడా కొన్నా. పొద్దున స్నానం చేసి తడి ఒంటి మీదే రాసుకుని స్కూలుకు పోయినా, మిరపకాయ పూసినట్టు మండింది, నెల తిరక్కముందే మూలన పడేసినా. దాని సంగతి మళ్ళీ చెప్తా.

అప్పుడు స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయినా. థైరాయిడ్, షుగర్ టెస్టులు రాసినారు, నిద్రలో కూడా చెమట పడుతుందా అని అడిగినారు, లేదన్నా. ఇది చిన్న వయసులో మొదలై రెండు పక్కలా సమానంగా పట్టే రకం, వేరే జబ్బు వల్ల వచ్చింది కాదు, రాత్రిపూట ఒళ్ళంతా తడిసిపోయే చెమటైతే వేరే పరీక్షలు చేయాల్సి వచ్చేదని చెప్పి 1 మిల్లీగ్రాము గ్లైకోపైరోలేట్ రాసిచ్చినారు. నోరు ఎండుతుంది అన్నారు. అది మాత్రం చెప్పినారు, నిజమే.

మొదటి పది రోజులు ఏమీ తేడా లేదు. ఎందుకంటే నేను ఇడ్లీ తిన్నాక వేసుకుంటా ఉన్నా. ఇది తిండితో పాటు వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు, తినడానికి గంట ముందు ఖాళీ కడుపుతో వేసుకోవాలి. అట్ల మార్చిన రోజు నుంచి ఆగింది చూడండి! ఆ ఆగస్టు 15 జెండా వందనానికి చిలకపచ్చ బ్లౌజ్ వేసుకుని పోయినా, జెండాకి చెయ్యెత్తి సెల్యూట్ చేసినా, కొంగు కప్పుకోకుండా. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ఇంటికొచ్చి బ్లౌజ్ విప్పి చూసుకుని ఏడ్చినా నేను. ఆ సంతోషంలో స్టాఫ్ రూంలో ఇద్దరికి మాత్ర పేరు కాగితం మీద రాసిచ్చినా కూడా. అట్ల రాసియ్యకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తా ఉంది, వాళ్ళలో ఒకామెకి కంట్లో ప్రెషర్ ఉందంట, గ్లాకోమా ఉన్నోళ్ళు ఈ మాత్ర వేసుకోకూడదు, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగే ఇబ్బంది ఉన్న మగవాళ్ళు కూడా. మంచికి ఆమె వేసుకోలేదు.

నోరు ఎండడం చిన్న విషయం అనుకున్నా. గొంతుతో బతికే ఉద్యోగానికి అది చిన్నది కాదు. మూడో పీరియడ్‌కి నాలుక అంగిలికి అతుక్కుంటుంది, 'సమీకరణం' అనే మాట నోట్లోంచి సరిగ్గా రాదు. రాత్రి పేపర్లు దిద్దేటప్పుడు దగ్గర అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడేవి, మలబద్ధకం సంగతి సరేసరి. ఇవన్నీ ఓర్చుకున్నా, చెమట కంటే ఇదే నయం అనుకుని. మార్చికి వచ్చేసరికి 1 మిల్లీగ్రాము సరిపోవడం లేదనిపించి నా అంతట నేనే 2 వేసుకోవడం మొదలుపెట్టినా, మందుల షాపులో అడిగితే చీటీ చూడకుండానే ఇచ్చేసినారు. అది నా తప్పు, కాదనను.

ఏప్రిల్ చివర్లో మా పాప జ్వరం మొక్కు తీర్చడానికి మెట్లకి పసుపు కుంకుమ పెట్టుకుంటా ఎక్కాలని పోయినాం, నేను, మా ఇంటాయన, మదనపల్లి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ. తెల్లారుజామున ఐదుకు అనుకున్నది ఎనిమిదిన్నర అయింది మొదలుపెట్టేసరికి. 3550 మెట్లు, ఒక్కో మెట్టుకీ వంగి లేచి బొట్టు పెట్టాలంటే శానా సేపు పడుతుంది. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది కదా, పైన రేకులు ఉన్నా గాలి ఆడదు, అందరూ తలమీంచి నీళ్ళు పోసుకున్నట్టు కారిపోతా ఉండారు. నేను మాత్రం పొడిగా ఉండా. మా ఆడబిడ్డ మొహం తుడుచుకుంటా, "వదినా, నీకు చుక్క చెమట కూడా పట్టలేదే, ఎంత అదృష్టమో" అనింది. నాకు సంతోషమేసింది ఆ మాటకి. మాత్ర సంగతి ఆమెకి చెప్పలేదు నేను.

ఆరేడు వందల మెట్లు అయినాయేమో, తల లోపల కొలిమి పెట్టినట్టు అయింది. గుండె దడదడ. పక్కన అందరూ గోవిందా అంటా ఉంటే నేనూ అందామని నోరు తెరిస్తే నాలుక కదల్లేదు. కుంకుమ గిన్నె చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది, ఆ తర్వాత కూర్చున్నానో పడినానో నాకు గుర్తులేదు. కడప పక్కనుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా మెడ మీద చెయ్యి పెట్టి "ఇదేంది, ఒళ్ళు పెనం మాదిరి కాలతా ఉండాది, చెమటే లేదు" అని గట్టిగా అరిచిందంట, తన కొంగు తడిపి నా తల మీద, చంకల్లో, మెడ మీద పెట్టింది, బాటిల్ నీళ్ళు బ్లౌజ్ మీదే పోసేసింది. ఆమె పేరు కూడా అడగలేకపోయినా. బ్లౌజ్ తడవకూడదని ఇరవై ఏళ్ళు పాకులాడిన నాకు ఆ రోజు ఆ తడే ప్రాణం నిలబెట్టింది.

మెల్లగా కిందికి తీసుకొచ్చి ఆస్పత్రికి పోతే సెలైన్ పెట్టినారు. డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసే, మొదట అడిగింది "ఏం మందులు వాడతా ఉండారక్కా?" అని. మా ఇంటాయన ఏమీ లేవన్నాడు, ఆయనకీ తెలియదు. అప్పుడు చెప్పినా. ఆమె చెప్పిన మాట ఇది: నరం నుంచి చెమట గ్రంథికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కబురు పోతుంది, ఈ మాత్ర ఆ కబురునే అడ్డుకుంటుంది, లాలాజలానికీ కంటికీ పేగులకీ పోయే కబురు కూడా అదే కాబట్టి అన్నీ ఎండుతాయి. బయట ఎండ ఒంటి వేడిని దాటిపోయినప్పుడు లోపలి వేడి పోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి, ఆ దారి మూసుకుని మెట్లెక్కితే వడదెబ్బ తగలక ఏమవుతుంది అని. ఎండలో జాగ్రత్త అనేది ఈ మందుకి అందరికీ తెలిసిన హెచ్చరికంట. నాకొచ్చిన స్ట్రిప్‌తో కాగితం ఏమీ రాలేదు, నాకు రాసిచ్చిన చోటా ఆ మాట అనలేదు. తిరుపతి లాంటి ఊర్లో, మేలో 40 దాటే ఊర్లో, నోరు ఎండుతుంది అని చెప్పి ఆ మాట చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండు నెలలు పూర్తిగా మానేసినా. వేరే డాక్టర్ దగ్గరికి పోతే మూలన పడేసిన ఆ లోషన్‌నే మళ్ళీ తీయించినారు. ఆ మందు నీళ్ళు తగిలితే యాసిడ్ అవుతుందంట, అందుకే ఆ మంట. రాత్రి పడుకునేటప్పుడు, ఫ్యాన్ కింద చంకలు బాగా ఆరినాక పల్చగా రాసి, పొద్దున కడిగేయాలి, నిద్రలో చెమట తక్కువ కాబట్టి మందు రంధ్రాల్లో నిలబడి మూస్తుంది. వెంట్రుకలు తీసిన రోజు ముట్టకూడదు. మొదట రోజూ, తగ్గినాక వారానికి రెండుసార్లు. ఇప్పుడు నాకు సగం పైనే తగ్గింది, పూర్తిగా కాదు, పేరెంట్స్ మీటింగ్ రోజు తడి కనపడుతూనే ఉంది, దురద కూడా అప్పుడప్పుడూ వస్తుంది, దానికి హైడ్రోకార్టిసోన్ క్రీమ్ ఇచ్చినారు.

బోటాక్స్ అనే సూదిమందు గురించి అడిగినా, ఒక్కో చంకకి 50 యూనిట్లు, అమెరికాలో 2004 నుంచే దీనికి అనుమతి ఉంది, ఆరునెలలకు అటూ ఇటూగా మళ్ళీ చేయించుకోవాలి. నాకు చెప్పిన రేటు నా రెండు నెలల జీతం. డబ్బున్నోళ్ళు ఆలోచించొచ్చు, అది సూది వేసిన చోటే పని చేస్తుంది, నాకు నచ్చింది అదే. నరం కత్తిరించే ఆపరేషన్ సంగతి డాక్టరే వద్దన్నారు, చేయించుకున్న శానామందికి చెమట వీపుకీ పొట్టకీ తొడలకీ మారుతుందంట, మళ్ళీ వెనక్కి తిప్పుకోలేం. నేను ఎదురుచూసేది ఈ మాత్ర లాంటి మందే చంకకి మాత్రం రాసుకునే రకం కోసం. అమెరికాలో గ్లైకోపైరోనియం వైప్స్‌కి, అంటే ఆ మందులో తడిపిన తుడుపు గుడ్డలకి, 2018లో అనుమతి వచ్చింది, జపాన్‌లో సోఫ్‌పిరోనియం జెల్‌కి 2020లో. వాటితోనూ నోరు ఎండొచ్చు, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చూపు మసకబారుతుంది, కానీ ఒళ్ళంతా అంతగా పట్టదు కదా.

మాత్ర వాడొద్దని నేను చెప్పను. ఏసీ గదిలో ఉద్యోగం, చల్లటి ఊరు, వేరే జబ్బులు లేవు అంటే, డాక్టర్ చూస్తా ఉంటే, మీకు బాగానే ఉండొచ్చు. నా బీరువాలో ఇంకో స్ట్రిప్ ఉంది, జూలై నుంచి మూడుసార్లు వేసుకున్నా, 1 మిల్లీగ్రామే, వానపడి చల్లగా ఉన్న రోజుల్లో, మా ఇంటాయనకి చెప్పి. మొక్కు ఇంకా మిగిలే ఉంది. ధనుర్మాసంలో చీకటితోనే బయలుదేరి ఎక్కుదామనుకున్నాం, మా ఆడబిడ్డ మళ్ళీ వస్తానంది, ఆమెకి అన్నీ చెప్పేసినా. ముదురు ఎరుపు బ్లౌజ్ తీసిపెట్టుకున్నా, మాత్ర మాత్రం ఇంట్లోనే ఉంటుంది.