రసాయనశాస్త్ర ప్రయోగాల పెట్టె: సామగ్రి బాగుంది, పుస్తకమే తొందరపడింది

ఏడో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురి కోసం వేసవి సెలవుల్లో 1,200 రూపాయలు పెట్టి ఒక రసాయనశాస్త్ర ప్రయోగాల పెట్టెను ఆన్‌లైన్‌లో తెప్పించాను. పరీక్షనాళికలు, కొలజాడీ, లిట్మస్ కాగితాలు, పటిక, నిమ్మఉప్పు, వంటసోడా, మైలుతుత్తం, ప్రయోగాలను వివరించే చిన్న పుస్తకం అందులో ఉన్నాయి. గాజుసామాను మందంగా, నాణ్యంగా ఉంది. రక్షణ కళ్ళద్దాలు మాత్రం పెద్దవారి కొలతలో ఉన్నందువల్ల వెనుక పట్టీని ముడివేయవలసి వచ్చింది.

నా అభ్యంతరమంతా పుస్తకంతోనే. ప్రతి ప్రయోగానికీ మొదటి వాక్యంలోనే ఫలితం చెప్పేస్తుంది. కాగితం ఎర్రబడుతుందని ముందే చదివిన పిల్ల ఇక కాగితాన్ని పరిశీలించదు, పుస్తకం నిజమే చెప్పిందని తల ఊపుతుంది. అందుచేత మూడో రోజునుంచి పుస్తకాన్ని నా దగ్గర పెట్టుకొని, ఏం జరుగుతుందని అనుకుంటున్నదో, ఎందుకు అలా అనుకుంటున్నదో ముందుగా నోటుపుస్తకంలో రాసిన తరువాతే ప్రయోగం మొదలుపెట్టమన్నాను.

పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితంపై బట్టల సబ్బు నీళ్ళు వేయగానే ఇటుకరంగు వచ్చింది. "నురుగు వచ్చేవన్నీ పసుపును ఎర్రగా మారుస్తాయి" అని ఆమె రాసుకున్నది. ఆ రోజు తలంటుకని వాళ్ళ నాయనమ్మ నానబెట్టిన కుంకుడుకాయల రసం గిన్నెనిండా నురుగు కక్కింది గాని, కాగితం పసుపుగానే ఉండిపోయింది. "బాబాయ్, కాగితం పాడైపోయిందేమో!" అని కొత్తది తీసి మళ్ళీ చూసింది, అదే ఫలితం. ఆ తరువాత దిష్టి తీసే ఎర్రనీళ్ళు గుర్తుకు వచ్చి, నురుగే రాని సున్నపుతేట వేసి చూస్తే కాగితం ముదురు ఎరుపుకు తిరిగింది. పసుపును మార్చేది నురుగు కాదని, సబ్బులోనూ సున్నంలోనూ ఉన్న క్షారగుణమని, కొద్దిగా ఆమ్లగుణమున్న కుంకుడు రసం నురగడానికి అందులోని సపోనిన్లు అనే సహజ పదార్థాలు కారణమని అప్పుడు చెబితే ఇట్టే పట్టుకున్నది. తన వాక్యాన్ని తానే కొట్టివేసి పక్కన కొత్తది రాసుకున్నది. పుస్తకంలో ఎర్రనీళ్ళ ఊసే లేదు.

కొవ్వొత్తి ప్రయోగం దగ్గర పుస్తకం ఏకంగా తప్పే చెబుతున్నది. నీళ్ళ పళ్ళెంలో వెలుగుతున్న కొవ్వొత్తిపై గ్లాసు బోర్లిస్తే, గాలిలో అయిదో వంతైన ఆక్సిజన్ ఖర్చయినందువల్లనే నీరు పైకెక్కుతుందని రాశారు. అదే నిజమైతే కొవ్వొత్తులు ఎన్ని పెట్టినా నీరు ఒకే ఎత్తుకు ఎక్కాలి. మేము మూడు పెట్టి చూశాము. స్పష్టంగా ఎక్కువ ఎక్కింది. అసలు మంట ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే ఆరిపోతుంది. నీటిని పైకి లాగేది ప్రధానంగా వేడెక్కిన గాలి చల్లబడి కుంచించుకుపోవడమే. 1860 డిసెంబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని ఆధారం చేసుకొని పిల్లలకు ఆరు ఉపన్యాసాల పరంపరను ప్రారంభించాడు. అంతటి వస్తువును ఈ పుస్తకం అర పేజీలో, అదీ తప్పుగా ముగించింది.

మైలుతుత్తం విషపదార్థమన్న హెచ్చరిక పొట్లం వెనుక చీమ తలకాయంత అక్షరాలలో ఉంది. పెద్దవారు పక్కన లేకుండా ఈ పెట్టెను పిల్లల చేతికి ఇవ్వకండి. అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ మూడూ సామగ్రికే.