ఇన్సులిన్ చల్లసంచి: నాలుగేళ్ల వాడకంలో నేను చూసినది

మా అమ్మాయికి టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు, రోజూ ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. ఆ మందు వేడికి పాడవుతుంది. నీళ్లలో నానబెడితే చల్లబడే ఇన్సులిన్ సంచిని నాలుగేళ్ల క్రితం కొన్నాను. పర్లాకిమిడి నుంచి విమానాశ్రయం చేరడానికే కారులో నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి, అంతకుముందు థర్మాకోల్ డబ్బాలో ఐస్‌ప్యాకులు సర్దుకుని బయలుదేరేవాళ్ళం. ఇంట్లో రాయిలా ఉన్న ప్యాకు తనిఖీ వరుసలో నిలబడే వేళకు సగం కరిగి మెత్తబడేది, చిక్కంతా ఆ మెత్తదనంతోనే వచ్చేది. ఒకచోట దాన్ని వేలితో నొక్కి చూసి పంపించారు. వారం తిరక్కుండా, తిరుగు ప్రయాణంలో మరోచోట అదే ప్యాకును ద్రవమని చెప్పి తీసి పడేసి, ఇన్సులిన్ ఎక్కించే పెన్నులు మాత్రం చేతికిచ్చారు. అన్నీ కలిపి పెద్దపెట్టెలో వేసి పంపవలసిందని సలహా ఇచ్చారు. పెద్దపెట్టెలు వెళ్లే సరుకుల అరలో మందు గడ్డకట్టే ప్రమాదం ఉందనీ, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదనీ ఆ వరుసలో నిలబడి ఎవరికి నచ్చజెప్పగలం?

ఈ సంచితో ఆ తగవు తీరింది. దాని పొరలోని గుళికలు పది నిమిషాలు నానితే ఉబ్బి జెల్లవుతాయి, ఆ తేమ ఆవిరవుతూ మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే పెన్నులను చల్లబరుస్తుంది. తడిగా ఉందేమని అడిగినవారున్నారు గానీ, తీసుకున్నవారు ఇంతవరకు లేరు. ఫ్రిజ్‌లోని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం దీనికి రాదు. అయితే వాడకంలో ఉన్న పెన్నుకు అంత చల్లదనం అక్కరలేదు. మా వైపు వానాకాలపు ఉక్కలో తేమ త్వరగా ఆవిరికాదు, అప్పుడు పనితనం స్పష్టంగా తగ్గుతుంది. ఆరబెట్టకుండా మడిచిపెడితే బూజు వాసన కూడా వస్తుంది.

సంచి తీర్చలేనిది జూసు సంగతి. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడిన తర్వాత అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతిసంచిలోని ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చింది, మందులకు మినహాయింపు ఉంది. పెన్నులో అమర్చే 3 మిల్లీలీటర్ల ఇన్సులిన్ కార్ట్రిడ్జికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. రక్తంలో షుగరు 70 కంటే తక్కువకు పడిపోయినప్పుడు వెంటనే తాగించవలసిన 200 మిల్లీలీటర్ల జూసు మాత్రం ఒకరి దృష్టిలో మందు, మరొకరి దృష్టిలో పానీయం. పోయినేడు సింగపూర్ ప్రయాణంలో ఒకచోట డాక్టరు ఉత్తరం చదివి వదిలేశారు. ఇంకోచోట అదే ఉత్తరం చూపినా పై అధికారిని అడగాలని జూసును పక్కన పెట్టారు. అప్పుడే పాప నా చెయ్యి పట్టుకుంది, అరచేయి చెమటతో తడిసి ఉంది. మీటరులో 64. జూసు యంత్రానికి అవతల ట్రేలో ఉంది, మేము ఇవతల ఉన్నాం. నా జేబులోని గ్లూకోజ్ పొడిని నీళ్లు లేకుండానే చెంచాడు చెంచాడుగా నోట్లో వేశాను. పదిహేను నిమిషాలకు 88 వచ్చింది.

అప్పటినుంచి గ్లూకోజ్ బిళ్ళలు ఆమె జేబులోనే ఉంటాయి. బరంపురంలోని మా డాక్టరుగారు ఉత్తరంలో "అవసరమైన ద్రవాలు" అన్నచోట "పండ్లరసం, 200 మిల్లీలీటర్లు, షుగరు పడిపోయినప్పుడు" అని పేరుపెట్టి తిరగరాశారు. దాని తర్వాత చేసిన మూడు ప్రయాణాల్లో రెండుసార్లు మాటైనా అడగకుండా పంపారు, మూడోసారి పావుగంట నిలబెట్టారు. పాత సంచి అంచులు చిరిగిపోవడంతో గత నెల అదే రకం మరొకటి కొన్నాను.