చిత్పూర్ రోడ్డు వెంట ఒక పూట

కలకత్తా వెళ్లినవాళ్లు విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్ చూసి తిరుగు రైలెక్కేస్తారు. ఉత్తరాన చిత్పూర్ రోడ్డుకు, అంటే ఇప్పటి రవీంద్ర సరణికి ఒక పూట అట్టేపెట్టుకోండి. ఆ నగరపు నాటకానికీ పాటకూ పండుగకూ వేశ్యావాడల స్త్రీలు ఏమిచ్చారో ఈ దారిలోనే తెలుస్తుంది.

బసకు గిరీశ్ పార్క్ మెట్రో పరిసరాలు అనుకూలం. మేము దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ, వేడినీళ్లకు మూడుసార్లు కిందికి ఫోను చేయాల్సి వచ్చింది. చౌరంగీ వైపు హోటళ్లు ఇంతకన్నా నయం. అయితే రోజూ ఇటు రావడానికే సగం పొద్దు పోతుంది.

నడక నాఖుదా మసీదు దగ్గర మొదలుపెట్టండి. మసీదుకు దగ్గర్లోనే గౌహర్ జాన్ మేడ ఉంది. 1902లో మన దేశంలో తొలి గ్రామఫోను రికార్డులకు పాడినవాళ్లలో ఒకరు ఈ తవాయిఫ్, అంటే ఆటపాటలే వృత్తిగా బతికిన స్త్రీ. ఇప్పుడది సలీం మంజిల్. కింద దుకాణాలు, పైన కాపురాలు. తలెత్తి చూడటమే తప్ప లోపల చూసేదేమీ లేదు. ఆ నిరాశకు రాయల్ హోటల్ మటన్ చాంప్ సగం మందు.

హాతీబాగాన్‌లోని స్టార్ థియేటర్ మాత్రం వదలకండి. 1873లో బెంగాల్ థియేటర్ వేశ్యావాడల నుంచి నటీమణులను తెచ్చినప్పుడు సంఘ సంస్కర్త విద్యాసాగర్ అంతటివాడు ఆ థియేటరు కమిటీ నుంచి తప్పుకున్నాడు. పదేళ్లకు స్టార్ వెలిసింది. నటి వినోదినీ దాసి తన ఉంపుడుగత్తెగా ఉండటానికి ఒప్పుకుంటేనే డబ్బు పెడతానన్నాడు ఒక ధనిక యువకుడు. ఆమె ఒప్పుకుంది. థియేటరుకు ఆమె పేరే పెడతామన్న తోటివాళ్లు తీరా రిజిస్ట్రేషను నాటికి ‘స్టార్’ అని రాయించారు. 1884లో ఆమె చైతన్యుడి వేషం చూడటానికి రామకృష్ణ పరమహంస వచ్చాడు. ఆమె గురువు, నాటకకర్త గిరీశ్ ఘోష్ పేరు పార్కుకూ మెట్రో స్టేషనుకూ ఎప్పుడో పెట్టారు. శిష్యురాలి పేరు థియేటరుకు పెడతామని ప్రభుత్వం ప్రకటించింది 2024 డిసెంబరులో! తొలి భవనం బీడన్ వీధిలో ఉండేది, అది ఇప్పుడు లేదు. మీరు చూసేది 1888లో ఇక్కడికి మారిన థియేటరు. 1991లో కాలిపోతే బాగుచేసి మళ్లీ తెరిచారు.

ఇక్కడి పెద్ద వేశ్యావాడ సోనాగాచీ గురించి ఒక మాట. మేము డబ్బు కట్టిన నడక బృందం గైడు గల్లీ మొగలో నిలబెట్టి ‘ఇక్కడి నుంచి చూడండి’ అన్నాడు. గుమ్మంలో కూరగాయలు తరుగుతున్న ఆవిడ మా వైపు చూసి తలుపు మూసేసింది. అలాంటి నడకకు పైసా ఇవ్వకండి, ఫొటోల ఊసే వద్దు. అక్కడ తెలుసుకోవాల్సింది వేరే ఉంది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా హెచ్‌ఐవీ నివారణ పని మొదలుపెట్టి ఆ స్త్రీలనే కార్యకర్తలను చేశారు. అందులోంచే 1995లో ఆ స్త్రీల సొంత సంఘం దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ పుట్టింది. అదే ఏడు పొదుపుకూ అప్పులకూ ఉషా సహకార సంఘం పెట్టుకుంటామంటే, గృహిణులమని రాసి ఇమ్మన్నారట అధికారులు. వాళ్లు ససేమిరా అన్నారు, చివరికి తమ వృత్తి పేరుతోనే నమోదు చేయించుకున్నారు. వడ్డీవ్యాపారుల పీడ నుంచి బయటపడేసిన సంఘం అది.

దేవతా విగ్రహాలు చేసే కుమ్మరుల వాడ కుమార్తులి అక్కడి నుంచి నడిచి పోయే దూరమే. గడ్డి సింహం మీద గంగమట్టి మెత్తి, దాని వేళ్ల కణుపులు పగలకుండా మట్టినీళ్లలో తడిపిన గుడ్డ పీలికలు చుడుతున్నాడొక కుర్రాడు. దుర్గాపూజకు వేశ్య వాకిటి మట్టి కావాలన్నది అక్కడి ఆచారం. మట్టి తీసుకుపోయే ఊళ్లో, సోనాగాచీ స్త్రీలు తమ పూజ తాము చేసుకోవడానికి 2013లో హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

మహాలయ అమావాస్యకు ముందు వారాల్లో బొమ్మల పని ముమ్మరంగా ఉంటుంది గానీ గదుల అద్దె మండిపోతుంది, ఫొటోలవాళ్ల తోపులాటకు గల్లీలో అడుగు పడదు. నన్నడిగితే ఆగస్టులో, గొడుగు పట్టుకుని వెళ్లండి.