ఐదడుగుల మూడంగుళాల వాడి ఉగాది షాపింగ్: మంగళగిరి, బెజవాడల్లో రెండు రోజులు

రెడీమేడ్ చొక్కా భుజాల దగ్గర సరిపోతే చేతులు వేళ్ళ దాకా వస్తాయి. చేతులు సరిపోయే సైజు వేస్తే బొత్తాలు పట్టవు. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, ఛాతీ 38. ఏటా ఖమ్మంలోనే ఏదో ఒకటి కొని, చేతులు పైకి మడిచి పండగ కానిచ్చేస్తాను. ఈసారి ఎండలు ముదరకముందే రెండు రోజులు సెలవు పెట్టి బెజవాడ వెళ్ళాను. బట్టలకీ చెప్పులకీ బెల్టుకీ కలిపి ఐదు వేలు దాటకూడదనుకున్నాను. మా బావమరిదిని తోడు తీసుకెళ్ళాను. వాడు ఆరడుగులుంటాడు. ఏ షాపుకెళ్ళినా ముందు వాడికే చూపిస్తారని తెలిసి కూడా తీసుకెళ్ళడం నా తప్పే.

స్టేషన్ దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. నాన్ ఏసీ గదికి 900. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, పొద్దున బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. ఆ రేటుకి అంతకంటే ఏం అడుగుతాం? కానీ అద్దాన్ని మాత్రం ఎవరి కోసం బిగించారో! నాకు నుదురూ క్రాపూ తప్ప ఏమీ కనపడలేదు.

సామాన్లు పడేసి నేరుగా మంగళగిరికి. పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు వైపు వెళ్తూ అక్కడ ఆగే బస్సెక్కితే దించుతాడు, పన్నెండు కిలోమీటర్లుంటుందేమో. ఆటోవాళ్ళు మొదట చెప్పే రేటు వింటే బస్సు విలువ తెలుస్తుంది. ఫాల్గుణ పౌర్ణమి దగ్గరపడింది, నరసింహస్వామి బ్రహ్మోత్సవాల హడావిడితో ఊరంతా జనం. కొండమీద స్వామి సగం తాగి సగం మనకిచ్చే పానకం చెరో గ్లాసు తాగి దిగాం. పదకొండు అంతస్తుల గాలిగోపురం కింద నిలబడితే మా బావమరిదీ పొట్టిగానే కనపడ్డాడు. దర్శనం కంటే అది నాకు ఎక్కువ తృప్తినిచ్చిందంటే పాపమేమో.

బట్టల సంగతికొస్తే, ఇక్కడ ఎనభయ్యో నంబరు సన్న నూలుతో గుంట మగ్గాల మీద నేసే గుడ్డ ఎండాకాలానికి చెప్పి చేయించినట్టుంటుంది. పల్చగా ఉన్నా ఒళ్ళు కనపడదు, చెమట పీలుస్తుంది. అయితే మెయిన్ రోడ్డు షాపుల్లో పవర్‌లూమ్ సరుకూ కలిసే ఉంటుంది. అంచు వెంబడి వేలు పెట్టి చూడండి. మగ్గం మీద గుడ్డ బిగుతుగా నిలవడానికి పన్నాకి, అంటే గుడ్డ వెడల్పుకి, అడ్డంగా కర్ర గుచ్చుతారు, దాని ముళ్ళ గుర్తులు సన్నటి రంధ్రాల్లా రెండు వైపులా కనపడతాయి. నేను మూడు షాపులు తిరిగి, ఆ గుర్తులున్న తాను లోంచే తీసుకున్నాను. మీటరు 250.

షాపతను చొక్కాకి రెండున్నర మీటర్లు కత్తిరించబోతుంటే ఆపాను. 44 అంగుళాల పన్నాలో నాకు ఫుల్ హ్యాండ్స్‌కి రెండు మీటర్లు చాలు. పొట్టివాడిగా పుట్టినందుకు నాకు దొరికే డిస్కౌంట్ ఇదొక్కటే, అది మాత్రం ఎందుకు వదులుకోవాలి? మోకాలి పైకుండే కుర్తాకి రెండుంపావు. చొక్కాకి బూడిద రంగు ప్లెయిన్, కుర్తాకి నిజాం అంచు అనే జరీ అంచున్న లేత పసుపు.

చేనేత గుడ్డని తడపకుండా కుట్టిస్తే మొదటి ఉతుకులోనే కురచైపోతుంది. అందుకే మధ్యాహ్నం లాడ్జికొచ్చి బకెట్‌లో నానబెట్టి మేడమీద ఆరేశాం. "ఇది లాడ్జా, చాకిరేవా?" అన్నాడు లాడ్జి కుర్రాడు. ఇరవై రూపాయలిచ్చాక అతనే రెండు క్లిప్పులు తెచ్చాడు. నాలుగింటికల్లా ఆరిపోయింది.

గవర్నర్‌పేటలో ఒక సందులో పెద్దాయన టైలరు దొరికారు. ఆది చొక్కా ఇవ్వబోతే తీసుకోలేదు. "అది మీకు సరిపోతే ఇక్కడిదాకా ఎందుకొస్తారండీ?" అని టేపు తీశారు. చొక్కా పొడుగు ఇరవై ఏడు, చెయ్యి ఇరవై రెండున్నర. రెడీమేడ్‌లో నాకు వచ్చేవి ఇరవై తొమ్మిది, ఇరవై నాలుగున్నర. రెండు అంగుళాలే, కానీ కాళ్ళు పొడుగయ్యేదీ కురచయ్యేదీ అక్కడే. తర్వాత కుర్తా గుడ్డ విప్పి, "అంచు కిందకి వేయమంటారా?" అన్నారు. అందరూ అలాగే వేయించుకుంటారట. కింద అడ్డంగా అంచు పడితే మనిషి అక్కడికక్కడే ఆగిపోయినట్టుంటాడని నా భయం. ఆయన కాసేపు ఆలోచించి, అంచుని విడిగా కత్తిరించి గుండీల పట్టీకి నిలువుగా, కొంచెం కాలరుకి వేస్తానన్నారు. అంచు ఎటూ గుడ్డ పొడవునే ఉంటుంది కాబట్టి వృథా కూడా తక్కువ. చొక్కాకి 400, కుర్తాకి 450. పండగ రద్దీలో ఒక్కరోజులో ఇవ్వడమంటే గొప్పే, అందుకే బేరం ఆడలేదు.

మర్నాడు బీసెంట్ రోడ్డు. బళ్ళు పెద్దగా తిరగని ఆ వీధిలో నడవడమే ఒక సరదా, కానీ రెడీమేడ్ ప్యాంట్ల దగ్గర నాకు మళ్ళీ పాత కథే. నడుము ముప్పై సరిపోతుంది, పొడుగు నాలుగంగుళాలు ఎక్కువ. కింద కత్తిరించి ఇస్తామంటారు. కింద సన్నబడే మోడల్‌ని కత్తిరిస్తే ఆ సన్నదనమే పోతుంది, మోకాలి దగ్గరి వంపు పిక్క మీదకొస్తుంది. అందుకే పై నుంచి కింది దాకా ఒకే వెడల్పున్న కాటన్ ప్యాంటు, అదీ చొక్కాకి దగ్గరి రంగులో తీసుకున్నాను. ప్యాంటు 700, ఆల్టరేషన్ 60.

టీషర్టులకి సిగ్గుపడకుండా పిల్లల సెక్షన్‌కి వెళ్ళండి. పదహారేళ్ళ సైజు నా భుజాలకి కుట్టినట్టు సరిపోయింది. బొమ్మల్లేనివి వెతకడానికి అరగంట పట్టింది, రెండూ కలిపి 500. "బాబుకా సార్?" అనడిగిన సేల్స్ అమ్మాయికి అవునన్నాను. బావమరిది నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళాడు. బెల్టు సన్నటిది 250, రంధ్రం అక్కడే కొట్టించాను. చెప్పులు 550. నా సైజు ఐదు, మగవాళ్ళ వరస ఆరుతో మొదలు. ఆ ఒక్క జత కోసం నాలుగు షాపులు తిరిగాం.

వస్త్రలత కూడా చూశాం గానీ, అది హోల్‌సేల్ మార్కెట్. మనలాగా రెండు మీటర్లు అడిగేవాడి మొహం చూసే తీరిక వాళ్ళకి లేదు.

మొత్తం బట్టలకీ సామాన్లకీ నాలుగు వేలలోపే అయింది. సాయంత్రం వెళ్తే చొక్కా రెడీ. మణికట్టు ఎముక దగ్గర చెయ్యి ఆగింది, మడత లేదు, పిన్నీసు లేదు. కుర్తాకి కాజాలు మిగిలాయట, ఆర్టీసీ కార్గోలో ఖమ్మానికి పంపిస్తానన్నారు పెద్దాయన. ఇది రాసేనాటికి ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులుంది. నిన్న ఫోన్ చేస్తే, "గుండీలు ఒక్కటే బాకీ అండీ" అన్నారు.