అకాడమీలకు ఉచిత సహాయం: ఏ ఆదాయంతో నడపడం మేలు?

కంప్యూటర్ నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో సంస్థ 1997లో మొదలుపెట్టిన నెట్‌వర్కింగ్ అకాడమీ కార్యక్రమంలో పాఠ్యాంశాలూ, నెట్‌వర్క్‌ను కంప్యూటర్లోనే నిర్మించి చూసే ప్యాకెట్ ట్రేసర్ వంటి సాధనాలూ విద్యాసంస్థలకు ఉచితంగానే అందుతాయి. కొత్త అకాడమీని (ఈ కోర్సులు బోధించే విద్యాసంస్థను) చేర్చుకోవడం, తరగతుల ఏర్పాటులో తోడ్పడడం, బోధకుల సందేహాలు తీర్చడం మాత్రం సపోర్ట్ సెంటర్ల పని. ఆ సహాయాన్నీ ఉచితంగా ఇవ్వాలనుకునే సెంటరు తన సిబ్బంది జీతాలకు దారి వెతుక్కోక తప్పదు.

అందరికీ ముందుగా తోచేది వార్షిక రుసుము. ఏటా ఇంత వస్తుందని తెలిసి ఉంటుంది, డబ్బు కట్టిన అకాడమీ జవాబు కోసం గట్టిగా అడగగలుగుతుంది కూడా. కానీ నలుగురైదుగురు బోధకులున్న పెద్ద కళాశాల చాలా చిక్కులను తనలో తానే పరిష్కరించుకుంటుంది. ఒకే ఒక్క బోధకుడితో నడిచే చిన్న అకాడమీకే సహాయం ఎక్కువ కావాలి, రుసుముకు అనుమతి తెచ్చుకోవడం కష్టమయ్యేది కూడా దానికే. విద్యార్థుల సంఖ్యను బట్టి రుసుము మారిస్తే అన్యాయం కొంత తగ్గుతుంది గానీ, ఆ లెక్కలు సరిచూడడమే మరో పనిగా తయారవుతుంది.

గ్రాంటుతో సెంటరును ప్రారంభించవచ్చు, ఎల్లకాలం నడపలేము. గడువు ముగిసి ఉద్యోగి వెళ్లిపోతే, ఏ అకాడమీ పరిస్థితి ఏమిటో తెలిసిన మనిషీ వెళ్లిపోయినట్లే. అనుభవజ్ఞులైన బోధకుల స్వచ్ఛంద సహాయం పాఠ్య సందేహాల వరకు ఎంతో విలువైనది. పరీక్ష రోజున ఖాతా తెరుచుకోని విద్యార్థిని మాత్రం వారి తీరిక కోసం ఆగమనలేము.

నా దృష్టిలో అన్నింటికన్నా నిలకడైనది, సహాయాన్ని ఉచితంగా ఉంచి బోధకుల శిక్షణకు రుసుము తీసుకునే పద్ధతి. ఒకే సంస్థ సపోర్ట్ సెంటరుగానూ, బోధకుల శిక్షణ కేంద్రంగానూ ఉండే వీలుంది కనుక ఇది ఆచరణలో సాధ్యమే. పాఠ్యక్రమం మారినప్పుడు ఈ పద్ధతి బలం తెలుస్తుంది. 2020 ఫిబ్రవరి 24 నుంచి సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ ధ్రువపత్రం సీసీఎన్ఏ పరీక్ష కొత్త రూపంలోకి మారింది. ఆ పరీక్షకు అకాడమీల్లో నాలుగు భాగాలుగా ఉన్న కోర్సును మూడుకు కుదించారు. అలాంటి మార్పు వచ్చినప్పుడు బోధకుల ప్రశ్నలు పెరుగుతాయి, శిక్షణకు గిరాకీ కూడా పెరుగుతుంది. అంటే భారం పెరిగే సమయానికే ఆదాయమూ పెరుగుతుంది.

ఇందులో లోపాలు లేకపోలేదు. మార్పు లేని సంవత్సరాల్లో ఆదాయం పడిపోతుంది కాబట్టి, గిరాకీ ఉన్నప్పుడే కొంత నిల్వ చేసుకోవాలి. చిన్న జవాబుతో తీరే సందేహానికి కూడా కోర్సులో చేరమని చెప్పాలన్న ప్రలోభం కలుగుతుంది; దానికి లొంగితే అకాడమీలు అడగడమే మానేస్తాయి. కొందరు సహాయం ఇక్కడ పొంది శిక్షణ మరోచోట తీసుకుంటారు, దానిని సహించాల్సిందే. ఖాతాలు, తరగతుల ఏర్పాటు, పాఠ్య సందేహాలు ఉచితమనీ, ల్యాబ్ రూపకల్పన వంటి ప్రత్యేక పనులకు రుసుము ఉంటుందనీ ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

శిక్షణ ఆదాయం చాలనప్పుడు, ఉన్న అకాడమీలపై రుసుము వేయడం కన్నా, సిబ్బంది సరిగా చూసుకోగలిగినన్ని అకాడమీలనే ఉంచుకొని కొత్తగా వచ్చేవారిని మరో సపోర్ట్ సెంటరుకు పంపడం మేలని నేను భావిస్తాను.