పాత దస్తావేజుల నకళ్ళు తెప్పిస్తామనే వాళ్ళతో జాగ్రత్త: మా తాతమ్మకు లేని పేరు అంటగట్టారు

వంశవృక్షం తీసిపెడతాం, వందేళ్ళ నాటి దస్తావేజుల నకళ్ళు తెప్పిస్తాం అని ప్రకటనలు ఇస్తున్నారు కదా, వాళ్ళ గురించే రాస్తున్నాను. ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి పేరు రాయడం లేదు. ఎవరో మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. మూడు విడతల్లో 18,500 రూపాయలు ఫోన్‌పే చేశాను. అవి తిరిగి రావని తెలుసు. మా నాన్నకు జరిగింది తలచుకుంటే మాత్రం మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా తాతయ్య పుట్టిన ఏడాదిన్నరకే వాళ్ళమ్మ చనిపోయింది. ముత్తాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. మొదటామె పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు, తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నాన్నకు ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. ప్రతి మహాలయ అమావాస్యకు తర్పణం వదిలేటప్పుడు తన నానమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోతుంది. పురోహితుడు గారు ఏదో సర్దిచెప్పి ముందుకు వెళ్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ ఒక్క పేరు కనుక్కుని నాన్న చేతిలో పెట్టాలన్నది నా కోరిక.

వాళ్ళకు ఫోన్లో ఇదంతా చెప్పాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఏం దొరికితే కరిగిపోతానో నా నోటితో నేనే చెప్పేశాను.

నెల తిరక్కుండా కవరు వచ్చింది. అందులో 1909 నాటి దస్తావేజు నకలు అని ఒక కాగితం. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద కూతురికి ఎకరం ఇరవై సెంట్ల భూమి రాసిచ్చిన తండ్రి, ఆ కూతురి పేరు, ఆమె భర్తగా మా ముత్తాత పేరు. గోధుమరంగు కాగితం, పాతకాలపు రాత, 'వ్రాయించి యిచ్చిన' అంటూ పాత వరుస. పైన సౌమ్య నామ సంవత్సరం అని ఉంది. లెక్క చూసుకున్నాను, 1909 సౌమ్యే. అది సరిపోయిందని మిగతాదంతా నమ్మేశాను. కవరు మధ్యాహ్నం అందింది, సాయంత్రానికల్లా నాన్న దగ్గర ఉన్నాను.

నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఆ పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదివారు. తర్వాత ఏం మాట్లాడకుండా వెళ్ళి పంచాంగం వెనక అట్ట మీద ఆ పేరు రాసుకున్నారు, మర్చిపోకుండా. మొన్న అమావాస్య నాడు నువ్వులు, నీళ్ళు వదులుతూ ఆగకుండా పలికారు. బయటికి వచ్చి, "ఇన్నాళ్ళకు మా నానమ్మకు నా చేతి నీళ్ళు అందాయే" అన్నారు. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ పేరు ఇక్కడ రాయను. అది మా మనిషి పేరు కాదు.

ఆ మధ్యాహ్నమే మా మావయ్య భోజనానికి వచ్చారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. నేనే సంబరంగా కాగితం తెచ్చి చూపించాను. ఆయన పై లైను కూడా పూర్తిగా చదవలేదు. 'పశ్చిమ గోదావరి జిల్లా, తణుకు మండలం' అన్నచోట వేలు పెట్టి, "1909లో మండలం ఎక్కడిదమ్మా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు, ఫిర్కాలు. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో. 1909 నాటికి తణుకు తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. భూమి విలువ రూ. 412.50 అని వేశారు. అప్పుడు నడిచింది అణాల లెక్క, నూరు పైసల లెక్క వచ్చింది 1957 ఏప్రిల్ నుంచి. చివరకు భూమి కొలత పక్కన హెక్టార్లు కూడా ఉన్నాయి. మావయ్య ఒక్కొక్కటే చెబుతుంటే నాన్న చేతిలో ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

అక్కడే, అందరి ముందే ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. ఇది నకిలీ కదా అని అడిగాను. మొదట, కాపీ చేసిన కుర్రాడు ఇప్పటి పేర్లు వేసి ఉంటాడు మేడం, కంటెంట్ ఒరిజినలే అన్నాడు. మరి 1909 దస్తావేజులో హెక్టార్లు ఎలా వచ్చాయని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మార్చి ఇలా అన్నాడు: "చూడండి మేడం, మీకు ఒక పేరు కావాలన్నారు, ఇచ్చాం. మీ నాన్నగారు హ్యాపీ కదా? ఆవిడ లేచి వచ్చి నా పేరు ఇది కాదు అంటుందా?"

ఆ మాట నాన్న విన్నారు.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, పంచాంగం తీసి, అట్ట మీద రాసుకున్న పేరును పెన్నుతో కొట్టేశారు. ఒక గీత కాదు, కాగితం చిరిగేదాకా. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అప్పటి నుంచి సరిగా భోజనం చేయడం లేదు. ఎవరో తెలియని పేరుకు నీళ్ళు వదిలానని ఆయన బాధ. నా నంబరు అదే రోజు రాత్రి వాళ్ళు బ్లాక్ చేశారు.

సోమవారం మావయ్యను తీసుకుని సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాను. నకలు మీద వేసిన దస్తావేజు నంబరు, సంవత్సరం చూపించి వెతికించాం. ఆ నంబరుతో ఉన్నది ఎవరో వేరే ఊరి వాళ్ళ తనఖా దస్తావేజు. అక్కడి గుమస్తా ఆ పాత వాల్యూమును రెండు చేతులతో కింద పట్టుకుని, పేజీ విరక్కుండా తిప్పుతుంటే నాకు సిగ్గేసింది. ఈ పని చేయాల్సింది నేను. ఒక పూట సెలవు పెట్టుకుని ముందే వచ్చి ఉంటే సరిపోయేది. బద్ధకంతో ఎవడి చేతిలోనో పెట్టాను.

వెతకాలనుకునే వాళ్ళకు నాలుగు మాటలు చెప్పి వదిలేస్తాను. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి కావాలంటే ఆఫీసులో ఫీజు కట్టి వెతికించుకోవాలి. భూమి లావాదేవీలు ఒకటో పుస్తకంలో ఉంటాయి. వాటిని, వాటి ఇండెక్సులను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు అడగొచ్చు, అందుకు మధ్యవర్తి అక్కర్లేదు. పేర్ల ఇండెక్సు వేరే ఉంటుంది కాబట్టి సర్వే నంబరు తెలియకపోయినా ఇంటిపేరుతో మొదలుపెట్టొచ్చు. అసలైన నకలు మీద పుస్తకం, వాల్యూము, పేజీలు, దస్తావేజు నంబరు, సంతకం, ఆఫీసు ముద్ర ఉంటాయి. ఎవరైనా మీ చేతికి నకలు ఇస్తే ఆ నంబరు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి సరిచూసుకోండి, ఆ తర్వాతే ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. నేను ఈ రెండూ తిరగేసి చేశాను.

భూమి ఎవరి పేరున ఉండేదో తెలియాలంటే తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), పాత అడంగళ్ళు (ఊరి సాగు లెక్కలు) అడగండి. కరణాల వ్యవస్థ 1984లో పోయింది, వాళ్ళ దగ్గరున్న దస్త్రాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయనుకోకండి, ఓపిక కావాలి. ఇవ్వకుండా తిప్పితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జనన మరణాల పాత రిజిస్టర్లు కూడా అడిగి చూడండి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో వాటికి 1899 నుంచే చట్టం ఉంది. మా తాతమ్మ మరణం అప్పటి మునసబు రాసిన రిజిస్టరులో దొరుకుతుందేమోనని ఇప్పుడు అక్కడ వెతుకుతున్నాను.

ఇంకొక ముఖ్యమైన సంగతి. వాళ్ళు నన్ను ఆధార్, పాసు పుస్తకం ఫొటోలు అడిగారు, నేను పంపేశాను. మీరు పంపకండి. నకిలీ దస్తావేజు తయారుచేసే వాళ్ళ చేతిలో మన భూమి వివరాలు ఉండటం ఎంత ప్రమాదమో మావయ్య చెబితే గానీ నాకు తట్టలేదు. వాళ్ళిచ్చిన కాగితం కూడా ఎక్కడా వాడొద్దని, పోలీసులకు చూపించడానికి మాత్రమే దాచమని చెప్పారు.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, వచ్చిన కవరు, వాట్సాప్ మాటలు అన్నీ ఉన్నాయి. ఆ ఫోన్ మాత్రం రికార్డు చేయలేదు. మీలో ఎవరికైనా వీళ్ళ నుంచి పాత నకలు వచ్చి ఉంటే ఇప్పుడే బయటికి తీసి జిల్లా పేరు, మండలం, రూపాయల లెక్క చూడండి. తేడా కనిపిస్తే నాకు చెప్పండి, ఫిర్యాదులో మీదీ కలుపుదాం.